తోకకు కట్టిన నిమ్మకాయ

"ఏమయ్యా, విమానం తోకకు ఏం కడుతున్నావు?"

పైలట్ సుబ్బరాయుడు అడిగేసరికి కాపలాదారు ఉలిగప్ప తడబడ్డాడు.

"నిమ్మకాయ, సామీ. అమావాస్య గదా. దిష్టి తగలకుండా మేము మగ్గానికి గూడా కడ్తాం."

సుబ్బరాయుడు నవ్వాడు. పట్టుదారానికి వేలాడుతున్న నిమ్మకాయను వేలితో ఊపి చూసి, "సరే, ఉండనీ" అంటూ విమానమెక్కాడు.

అది 1963. ధర్మవరం చుట్టూ వేరుశనగ చేలను గొంగళి పురుగు తినేస్తుంటే, మందు చల్లడానికి ఆ చిన్న విమానం వచ్చి ఊరి బయట బీడులో దిగింది. మగ్గం మూలబడిన ఉలిగప్పకు దాని కాపలా పని దొరికింది. ఇంట్లో ఆరు కడుపులకు అదే ఆధారం.

విమానం పరుగందుకుంది. నేల వదలబోతూ ఉన్నట్టుండి పక్కకు, చూడవచ్చిన జనం మీదికి తిరిగింది. ఎంతకీ దారికి రాలేదు.

ఇంజను ఆగింది. జనానికి పది బారల ఇవతల గట్టుకు గుద్దుకుని విమానం పల్టీ కొట్టింది.

అందరూ పరుగెత్తేలోగా సుబ్బరాయుడు బయటపడ్డాడు. కాళ్లు రెండూ నుజ్జయ్యాయి. అయినా మోచేతుల మీద, జనం వైపు కాక, వెనక్కి తోక దిక్కుకు పాకాడు.

"తాగినాడబ్బా! మనుషులు యాడుండారో గూడా తెలీడంల్యా" అన్నారెవరో.

ఉలిగప్ప మొదట తోక చూశాడు. నిమ్మకాయ లేదు. గాలికి తెగిపోయి ఉంటుంది, బతికాననుకున్నాడు.

మర్నాడు విచారణకు అధికారి వచ్చాడు.

"పైలట్ తాగాడంటున్నారు. నువ్వు దగ్గరే ఉన్నావుగా?"

నిమ్మకాయ సంగతి తేలితే పని పోతుంది, జైలు కూడా తప్పదు.

"వాసన వచ్చె, సామీ" అన్నాడు ఉలిగప్ప.

ఆ మాటకు నోరెలా వచ్చిందో, పాపిష్టి నోరు!

మూడో నాడు అనంతపురం ఆసుపత్రిలో సుబ్బరాయుడు పోయాడు.

వారం తర్వాత విమానం మెకానిక్ మౌలాలి వచ్చి, ఉలిగప్ప చేతిలో అగ్గిపెట్టె పెట్టాడు.

"పోయేముందర ఆయప్ప నీకిమ్మన్యాడు. ఎవరికీ చూపద్దన్యాడు."

"ఆఫీసర్లకేమి చెప్పినాడు?"

"తప్పు నాదే, తోక సరిగ్గా చూసుకోల్యా అని రాపిచ్చినాడు. జన్మలో చుక్క ముట్టని మనిషప్పా. తాగినాడని ఎవరు చెప్పినారో ఏమో!"

ఉలిగప్ప అగ్గిపెట్టె తెరిచాడు.

లోపల, విమానాన్ని తిప్పే తోక పలకల సందులో ఇరుక్కుని నలిగిన నిమ్మకాయ, నుజ్జయిన కాళ్లతో పాకి వెళ్లి సుబ్బరాయుడు పళ్లతో కొరికి తెంపిన పట్టుదారం ఉన్నాయి.