తలనొప్పి గోలీలు

వరస కదిలింది. ముందున్న ఆడమనిషి మాత్రం కదల్లేదు.

చిలకమ్మకి ఒళ్లు మండింది.

"ఏటప్పా, పెళ్లిపీట మీద కూకున్నావా? బేగి జరుగు!"

ముందున్నామె ఆసుపత్రి అరుగు మీద గోడకి చేరబడి కూర్చుని ఉంది. "జరుగుతాన్లే సెల్లీ" అంది. జరగలేదు.

పిల్లలు పుట్టకుండా లూపు వేసేదీ, వద్దంటే తీసేదీ లేడీ డాక్టరమ్మే. సంత రోజున మాత్రమే జీపులో కొండెక్కి వస్తుంది. చిలకమ్మకి వేసిన రోజు "రెండ్రోజులు కనబడుతుంది, అంతే" అంది.

మూడు సంతలు దాటాయి. చిలకమ్మకి నెత్తురు ఆగలేదు.

ముట్టు తీరందే ఇంట్లో అడుగు పెట్టకూడదు. పెరటి పాకలోనే పడక. మొగుడు బుధు కాసే అంబలేమో ఉండలు కట్టి గొంతు దిగదు. పిల్ల గుమ్మంలోంచి చేతులు చాచి ఏడుస్తుంటే అత్త వెనక్కి లాక్కుపోతుంది.

"పిల్లలొద్దన్నాను గానీ కాపరమే వద్దన్నానేటి?" అని పైకే తిట్టుకుంది చిలకమ్మ.

వరసంతా నవ్వింది. ముందున్నామె కూడా పొట్ట పట్టుకుని నవ్వింది.

అంతలో అటెండరు తాతారావు కేకేశాడు.

"డాక్టరమ్మ ఎలిపోతన్నాది! ఇంకొక్కరే! మిగిలినోళ్లు పై సంతకి రండి!"

ఆ ఒక్కరూ ముందున్నామే.

"ఇంకో సంత దాకానా?" చిలకమ్మ ముందున్నామె మీదకి వంగింది. "నా పిల్లగుంటనెత్తుకుని ఎన్నాళ్లయిపోనాదో! నీకేటి రోగమప్పా?"

ఆమె చిలకమ్మ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"నాకేటుంది. తలనొప్పి. గోలీలకొచ్చాను. నువ్వెళ్లు."

"తలనొప్పికి డాక్టరమ్మే కావాలేటి? పొద్దున్నుంచీ దారికడ్డంగా కూకున్నావు!"

అంటూనే ఆమె కాళ్లు దాటుకుని లోపలికి దూరిపోయింది చిలకమ్మ.

లూపు బయటికొచ్చేసింది. జీపు గుర్రుమంటూ ఘాట్ దిగిపోయింది.

ప్రాణం కుదుటపడ్డాక చిలకమ్మకి కాస్త సిగ్గేసింది. పాపం, ఊరికే నోరు పారేసుకుంది. నర్సమ్మని బతిమాలి రెండు గోలీలు తెచ్చింది.

వరస ఎప్పుడో చెదిరిపోయింది. అరుగు మీద ఆమె ఒక్కతే ఉంది.

"ఇందప్పా, నీ తలనొప్పికి. లెగు, సంత దాకా కలిసెళ్దాం."

ఆమె చిలకమ్మ చెయ్యి పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి, లేచింది.

ఆమె కూర్చున్న చోట అరుగు ఎర్రగా తడిసి ఉంది.