ఆరు గిటార్లు

పాత సంగీత సామాను కొని అమ్మే ఆ వ్యాపారి దేన్నీ వాయించి చూడకుండా బీరువాలో పెట్టడు. ఆ రాత్రి కొట్టు షటరు దించుకుని, సాయంత్రం కొన్న లూపర్ పెడల్‌కు గిటారు తగిలించాడు. అరచేతిలో ఇమిడే డబ్బా. కాలితో నొక్కి వాయిస్తే, ఆ వాయింపునే మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. మరోసారి నొక్కితే దాని మీద ఇంకో వరస చేరుతుంది. గబగబా రెండుసార్లు నొక్కితే ఆగిపోవాలి.

దాన్ని అమ్మినవాడు అసలు బేరమే ఆడలేదు. అదొక్కటే వ్యాపారి లెక్కకు అందలేదు.

కాసేపు వాయించి ఇంటికి ఫోన్ చేశాడు. "పది నిమిషాల్లో వచ్చేస్తానే."

"ఆ మాట అనడం ఇది ఆరోసారి," అంది భార్య.

"ఆరోసారేంటి? ఇప్పుడేగా చేశాను!"

"మీ లెక్కలు కొట్లో చెప్పుకోండి. నాకు నైట్ డ్యూటీ ఉంది, వెళ్తున్నా. పాపకి జ్వరం, ఒక్కతే ఉంటుంది. త్వరగా రండి."

అతను చెవి రిక్కించాడు. తను వాయించింది ఒక్కసారి. వినిపిస్తున్నవి ఆరు గిటార్లు. ఎడమచేతి వేళ్ళు చిట్లి రక్తం కారుతోంది.

గబగబా రెండుసార్లు నొక్కాడు. ఆగలేదు. కరెంటు వైరు పీకేశాడు. ఆగింది. హమ్మయ్య అనుకుని పరుగున వెళ్ళి, షటరు ఎత్తి, వీధిలోకి అడుగు వేశాడు.

ఆ పాదం కింద పెడల్ మీట టక్కున దిగింది. ఒళ్ళో గిటారు ఉంది. చెవి దగ్గర ఫోన్ ఉంది.

"నాన్నా, అమ్మ వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తావ్?" అంది పాప.

అనకూడదని పళ్ళు బిగబట్టాడు. అయినా నోరు తెరుచుకుంది.

"పది నిమిషాల్లో, తల్లీ."