ఎవరిదీ రుచి

రెండో ముక్క నోట్లో పెట్టుకోబోయి మాస్టారు ఫోర్కు కింద పెట్టేశారు.

"ఏం బావా, బాగోలేదా?" అన్నాడు పక్కన కూర్చున్న బావమరిది.

"బాగుంది. అందుకే అనుమానంగా ఉంది."

అది బంగాళదుంపల అట్టు. గుడ్లసొనలో పల్చటి దుంపచెక్కలు, పైన పొగ వాసన వేసే ఎర్రమిరప పొడి. బల్ల నిండా అలాంటి చిన్న చిన్న ప్లేట్లే. స్పెయిన్ వాళ్ల టపాస్ హోటలు అది. ఎవరి కంచం వారికంటూ ఉండదు, వచ్చిన ప్రతి ప్లేటూ బల్ల దగ్గరున్న అందరూ పంచుకోవాలి. సాయంత్రం ఏడు కూడా కాకుండానే అన్ని బల్లలూ నిండిపోయాయి.

మాస్టారు పన్నెండేళ్లు ఓడల్లో వంట చేసిన మనిషి. ఓడ ఆగిన ప్రతి రేవులో దిగి, అక్కడి వంటిళ్లలో దూరి, లాటిన్ దేశాల వంటలన్నీ నేర్చుకుని, ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకున్నారు. ఓడ వదిలాక ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో చేరారు. చేపలు కోయడానికి బావమరిదిని తెచ్చిపెట్టుకున్నారు. పొయ్యి దగ్గర సన్నోడు, రొట్టెల పనికి రొట్టెలమ్మ అక్కడే దొరికారు. నలుగురూ కలిసి సొంతంగా ఇలాంటి హోటలే పెట్టాలన్నది ఆయన కల. ఆ పుస్తకాన్ని ఈ ముగ్గురికి తప్ప ఎవరికీ చూపించలేదు.

ఇవాళ ఆ ముగ్గురే ఆయన్ని వెంటబెట్టుకుని ఇక్కడికి తీసుకొచ్చారు.

"దుంపలు వేయించే నూనెలో నిమ్మతొక్క వేశారు," అన్నారు మాస్టారు. "ఏ దేశంలోనూ అలా వెయ్యరు. నేనొక్కణ్ణే వేస్తాను."

రొట్టెలమ్మ రొట్టె తుంచి ఆయన ముందు పెట్టింది.

నల్ల ఏప్రన్ కట్టుకున్నావిడ రొయ్యల ప్లేటు తెచ్చింది. ఎవరూ ఆర్డరిచ్చినట్టే లేదు, ప్లేట్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి.

"వేడిగా ఉందండీ, చూసుకోండి," అంటూ ఆయన చేతికందేలా జరిపింది.

మాస్టారు ఒక రొయ్య నమిలి కళ్లు మూసుకున్నారు. వెల్లుల్లి రెండుసార్లు వేశారు. ఒకసారి నూనెలో, మళ్లీ దించాక పచ్చిగా. ఇదీ ఆయనదే.

"అమ్మాయ్, ఈ వంటలు మీకెవరు నేర్పారు?"

ఆవిడ ఖాళీ ప్లేటు చేతిలోకి తీసుకుంది. "పాత మాస్టారొకాయన నేర్పారండీ."

"మీ దగ్గర ఎర్ర అట్ట పుస్తకం గానీ ఉందా?"

"ఉందండీ. అద్దాల బీరువాలో భద్రంగా పెట్టుకున్నాం."

ఆవిడ సన్నోడి వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

మాస్టారు రొయ్యల ప్లేటు పక్కకు నెట్టారు. రేవు రేవూ తిరిగి, నిద్ర మానుకుని రాసుకున్న పుస్తకం. అది పరాయివాళ్ల బీరువాలో ఉంది.

"ఎవరు చేశారీ పని?" గొంతు పెంచలేదాయన. "మీ ముగ్గురిలో ఎవరు?"

బావమరిది ఏదో అనబోయాడు. సన్నోడు అతని చెయ్యి నొక్కి ఆపాడు.

"ఈసారి నేను చెప్తాలే," అని మాస్టారి వైపు తిరిగాడు. "నేనే ఇచ్చాను మాస్టారూ."

"ఎందుకురా?"

"బుద్ధి గడ్డి తింది. మన్నించండి."

ఆయన వాణ్ణి ఎగాదిగా చూశారు. "నా సొత్తు తిని ఎంత లావయ్యావో చూడు. నీకు గరిటె పట్టుకోవడం నేర్పింది నేను. ఒంట్లో బాగోలేదంటే మా ఇంట్లో పడుకోబెట్టుకున్నాను. వచ్చే ఏడాది మన హోటలు తలుపులు తెరుద్దామనుకున్నాం కదరా. ఏ గోడకి ఏ రంగు వెయ్యాలో కూడా అనుకున్నాం. నా గొంతు కోశావు."

సన్నోడు నెరిసిన తల వంచుకున్నాడు.

"నీకు తెలుసా అమ్మా?"

"తెలుసు మాస్టారూ," అంది రొట్టెలమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇంకొక్క ముక్క తినండి. మధ్యాహ్నం కూడా ఏమీ తిన్లేదంట."

"నీకు?"

బావమరిది తలూపాడు.

"అంటే అందరికీ తెలుసు. నాకొక్కడికే తెలీదు."

కుర్చీ వెనక్కి నెట్టి లేచారు. సన్నోడు పట్టుకోబోతే ఆ చెయ్యి విదిలించి కొట్టారు.

"ముట్టుకోకు. పరాయివాడు చేస్తే దొంగతనం అనుకుని ఊరుకుందును. మీరు నా వాళ్లు."

ఆయన ఏడవలేదు. వీళ్ల ముందు ఏడవదలుచుకోలేదు. వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నారు.

"యజమానిని పిలవండి. ఈ హోటలు ఎవరిదో, ఆ మనిషి మొహం చూసే పోతాను."

పక్క బల్లల వాళ్లు తలలు తిప్పారు. వంటింటి గుమ్మంలోకి వంటవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. నల్ల ఏప్రన్ ఆవిడ వాళ్లను తప్పించుకుంటూ వచ్చి, తడి చేతులు తుడుచుకుని ఆయన ఎదురుగా నిలుచుంది.

"చెప్పమ్మా, ఎవరు యజమాని?"

ఎప్పటిలాగే ఆవిడ ఆయన రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వే, నాన్నా."