పుస్తకంలో గుద్దు, టీవీలో గుద్దు

రేపు శ్రవణ్ నిశ్చితార్థం. ఇవాళేమో ముక్కుకు ముప్పొచ్చింది.

అమీర్‌పేటలో దర్జీ దగ్గర సూటు తీసుకుని, చిన్ననాటి దోస్తు మహిపాల్‌తో కలిసి సాయిలు టీ బండి దగ్గర ఆగాడు. ఆగినవాడు ఊరుకోవచ్చుగా? నోరు జారాడు.

"గా జపానోళ్ళ మాంగా పుస్తకాలేందిరా, కదలని బొమ్మలు! కొట్లాటంటే వాళ్ళ అనిమే కార్టూన్లల్లనే చూడాలె. టీవీల చూస్తుంటే నిజంగ కొట్టుకున్నట్టే ఉంటది."

మహిపాల్‌కు మధురానగర్ గదిలో మంచమ్మీద కూడా మాంగా పుస్తకాలే. తను కింద చాప వేసుకుని పడుకుంటాడు. ముఖం కందగడ్డయింది. అసలే అతనికి మాట కంటే చెయ్యి ముందు.

శ్రవణ్‌కు రేపటి ఫొటోలు కళ్ళముందు కదిలాయి. కాబోయే పెళ్ళాం ధాత్రి ఏరికోరి బంజారా హిల్స్ ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడింది. ఆ ఫొటోల్లో గుమ్మడికాయంత ముక్కుతో నిలబడితే ఆ పిల్ల జన్మలో క్షమించదు. ఎట్లాగైనా వీణ్ణి మాటల్లో పెట్టాలి.

"అరే, జర నా మాట ఇనుర."

"ఏమినాలె? మీ అనిమేల ఒకడు కొట్టనీకి వస్తుంటే ఇంకొకడు ముచ్చట పెడ్తడు. చిన్నప్పటి కథలు చెప్పుకుంటరు, ఏడుస్తరు, మధ్యల పాట సుత వస్తది. ఎవడు నమ్ముతడు? మాంగాల పేజీ తిప్పినవా, దెబ్బ పడ్డదా, అయిపాయె. గదీ కొట్లాటంటే."

"మరి పేజీ తిప్పేలోపు నువ్వు అన్నం తినొస్తవు గదా. అప్పుడు దెబ్బ ఆగలేదా?"

మహిపాల్ మూతి ముడుచుకున్నాడు.

సాయిలు రెండు గ్లాసులు చేతబట్టుకుని వచ్చాడు. "కొట్లాట అయినంక తాగుతరా, ముంగట తాగుతరా?"

"ముంగటనే," అన్నాడు శ్రవణ్, నిలబడ్డ చోటు నుంచి అంగుళం కదలకుండా. మహిపాల్ ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు.

టీ లోపలికి పోయాక శ్రవణ్‌కు ధైర్యమొచ్చింది. చిన్నప్పటి సిరిసిల్ల ముచ్చట తీశాడు. "బళ్ళె సారు గోడకుర్చీ ఏయిస్తె, నా వంతు సుత నువ్వే ఏసినవు. యాదికుందా?"

"ఎట్ల మరుస్తరా."

"మా నాయిన పోయినప్పుడు మా ఇంట్లనే పండుకున్నవు. మా అమ్మకు బువ్వ తినిపించినవు."

మహిపాల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనే ఆగిన ఆటోలో ఎవరో గొంతు చించుకుని విరహగీతం పాడుతున్నారు. పాటంతా అయ్యేదాకా ఇద్దరూ ముక్కులు ఎగబీల్చారు. సాయిలు కూడా భుజం మీది తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు.

"తప్పయిందిరా," అన్నాడు మహిపాల్. "గింత చిన్న దానికి నీ మీద గరమైతి. రేపు నీ పక్కన నేనే నిలబడ్త. గా అనిమేలు సుత జర నమ్మేటట్టే ఉన్నయి, ఒప్పుకుంట."

శ్రవణ్‌కు నెత్తిన పాలు పోసినట్టయింది. ముక్కు దక్కింది, దోస్తూ దక్కాడు.

"కానీ ఇదంత జర ముందుగాల చెప్పకపోతివి," అన్నాడు మహిపాల్ బాధగా.

శ్రవణ్ నోరు జారిన మరుక్షణమే అతను కుడిచేత్తో విసిరిన గుద్దు, ఇంతసేపూ గాల్లోనే ఉండి, ఇప్పుడొచ్చి శ్రవణ్ ముక్కు మీద దిగింది.