కథతో కలిపి రేటు

"గైడ్ ఒక్కడికే ఇంతా?" పెద్దాయన బల్ల మీదున్న రేట్ల కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు.

డైవింగ్ షాపు యజమానురాలు తడి సూట్లు ఆరేస్తూనే జవాబిచ్చింది. "ఆరుగురితో కలిసి దిగితే మూడో వంతే పడుతుంది. గైడ్ మీ ఒక్కరికే కావాలంటే పడవ, పూట మొత్తం మీవే. సిలిండరు, సూటు, మునిగిన ఓడ కథ అన్నీ అందులోనే."

"కథ వద్దంటే ఎంత తగ్గిస్తారు?"

ఆమెకు నవ్వొచ్చింది. చేపలు కనపడలేదని బేరమాడినవాళ్లున్నారు గానీ, కథ దగ్గర గీచి గీచి బేరమాడే మనిషి తగలడం ఇదే మొదలు.

"జనం వచ్చేదే ఆ కథ కోసం బాబాయిగారూ. ఇంకో గైడ్ ఉన్నాడు, సగానికే వస్తాడు. పిలవనా?"

"వద్దమ్మా, అతనే కావాలి." పెద్దాయన నీళ్లలో దిగొచ్చన్న డాక్టరు కాగితం, డబ్బు రెండూ బల్ల మీద పెట్టాడు. "సాయంత్రం బండికి వెళ్లిపోవాలి. ఈలోగా అతనికో మాట చెప్పాలి. అందుకే ఇంత దూరం వచ్చాను."

గైడ్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. పడవలో మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయన నడుముకు బరువుల బెల్టు తనే కట్టాడు.

"భయమేస్తే నా చెయ్యి పట్టుకోండి. నీళ్లలో నోరు పనికిరాదు. కథ వద్దన్నారట?"

"డబ్బు కట్టేశాగా. చెప్పు, విందాం."

"తుఫాను. చిమ్మచీకటి. ఎవరికి ఎవరూ కనపడలేదు. తెల్లారి ఒడ్డున లెక్క చూసుకుంటే పంతొమ్మిది మందీ ఉన్నారు, కెప్టెన్ ఒక్కడే లేడు. అందరినీ దాటించి ఆయన ఓడతోనే ఉండిపోయాడని అప్పుడర్థమైంది." గైడ్ బెల్టు బిగించి తలెత్తాడు. "ఆయన మా నాన్న. నాకప్పుడు రెండేళ్లు. ఇంట్లో ఏమున్నా లేకపోయినా అమ్మ ఆ ఒక్క మాట మీద తలెత్తుకు బతికింది. నేనూ అంతే."

పెద్దాయన మాస్కు ముఖం మీదికి లాక్కున్నాడు. ఇద్దరూ నీళ్లలోకి దిగారు.

అడుగున ఓడ పక్కకు ఒరిగి ఉంది. గైడ్ విరిగిన చుక్కాని చక్రం దగ్గర ఆగి, రోజూ చేసేలాగే దాన్ని అరచేత్తో తుడిచాడు. పక్కన పెద్దాయన కూడా చెయ్యి చాపి, చక్రాన్ని తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. పాపం, కొత్తవాడు భయపడ్డాడనుకుని గైడ్ ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. పైకొచ్చేదాకా వదల్లేదు.

ఒడ్డుకు చేరాక గైడ్ పెద్దాయన సంచిని తనే మోస్తూ బండి దాకా వచ్చాడు.

"నాకేదో చెప్పాలన్నారట?"

పెద్దాయన అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఎంత గుండె రాయి చేసుకున్నా ఆ ముఖం చూస్తూ చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"చెయ్యి బాగా పట్టుకున్నావు బాబూ. అదే చెబుదామని."

"నేను చెయ్యి పట్టుకుంటానని దిగకముందే తెలిసిందా?" గైడ్ నవ్వేశాడు. "జాగ్రత్తగా వెళ్లిరండి సార్."

ఆ ఓడ మీంచి అందరికన్నా ముందు దూకేసిన కెప్టెన్, కొడుక్కి చెయ్యి ఊపి బండెక్కాడు.