పదమూడు బాతులు

చెరువు గట్టున పన్నెండు బాతులు ఉండేవి. "సమానమైన జట్లుగా పడుకోండి, మీ జోలికి రాను. ఏ జట్టుకీ చాలక మిగిలిపోయిన బాతు మాత్రం నాది" అని నక్క వాటితో ఒప్పందం చేసుకుంది. రెండేసి, మూడేసి, నాలుగేసి, ఆరేసి జట్టు కట్టినా ఒక్కటీ మిగిలేది కాదు. బాతులు నక్కని చూసి నవ్వుకునేవి.

ఒకరోజు చుక్కమ్మ అనే బాతుకి పిల్ల పుట్టింది. సాయంత్రం రెండేసి కూర్చుంటే పిల్ల మిగిలిపోయింది. మూడేసి కూర్చున్నా, నాలుగేసి కూర్చున్నా, ఆరేసి కూర్చున్నా పిల్లే మిగిలింది. ఐదేసి కూర్చుంటే ఏకంగా మూడు మిగిలాయి.

"ఎవరికి వాళ్లు విడిగా పడుకోండి, ఇక ఎవరూ మిగలరు" అంది నక్క తియ్యగా.

బాతులు హమ్మయ్య అనుకుని తలో దిక్కూ కదిలాయి. చుక్కమ్మ మాత్రం కదలలేదు. అలా పడుకుంటే ఒకరిని లాక్కెళ్లినా ఇంకొకరికి తెలియదు!

"ఆగండర్రా! అందరం ఒకే జట్టు!" అని అరిచింది.

పదమూడూ గుండ్రంగా రెక్కకి రెక్క ఆనించి కూర్చున్నాయి. నక్క తెల్లబోయింది. "ఇదేం జట్టు?"

"పదమూడు మందిమి, ఒక్కటే జట్టు. ఎవరు మిగిలారో చెప్పు మామా."

నక్క చుట్టూ తిరిగి చూసింది. ఎటు తిరిగినా ముక్కులే ఎదురయ్యాయి. పిల్ల ఎక్కడుందో కూడా కనబడలేదు.