పెద్దింటి మణికట్టు

పద్మనాభ తన కలెక్షన్‌లోని ముప్పై ఎనిమిదో వాచీ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టగానే బళ్లారి కుల సంఘం ఊగిపోయింది. వాచీని వదిలేసి, అది కట్టుకున్న చేతిని పొగిడారు.

సంఘానికి అధ్యక్షుడు కావాలని ఆయన మూడేళ్లుగా తపిస్తున్నాడు. రక్తం మణికట్టులో కనిపిస్తుందని నమ్మే జనం ఉన్నంతకాలం ఇలాంటి అధ్యక్షులకు కొదవేముంది?

కార్యదర్శి ఫోన్ చేశాడు. "ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తాదప్పా, పెద్దింటి రక్తమని. సభ బ్యానర్‌కి అదే వేస్తాండాం. కింద 'మన వంశం' అని రాస్తాం. అధ్యక్షుడు నువ్వే అనుకో."

"ఏసుకోండప్పా, నాదేముండాది," అన్నాడు పద్మనాభ, సిగ్గు నటిస్తూ.

ఫోన్ పెట్టేసి, ఎదురుగా నిలబడ్డ తన లారీ డ్రైవర్ సైలస్ చేతి నుంచి వాచీ విప్పాడు. స్పిరిట్‌తో మూడుసార్లు తుడిచి పెట్టెలో పెట్టాడు. పద్మనాభ లావు మణికట్టుకు ఏ బెల్టూ అందదు కాబట్టి, ముప్పై ఎనిమిది ఫోటోల్లోనూ ఉన్నది సైలస్ చెయ్యే.

సైలస్ లారీ తాళాలు అందుకుంటూ నిమ్మళంగా అడిగాడు.

"అప్పా, సభలో నా చెయ్యి స్టేజీ మీదుంటాది కదా. మిగతా నన్ను యాడ కూర్చోబెడతారు?"